రూపాయి–డాలరు ప్రొఫెసరు ఎలా తయారవుతారు?

బెళ్లందూరులోనో మారతహళ్లిలోనో ఏ తెలుగువాళ్లింటికి వెళ్లినా డాలరు రేటు మీద ఒక అభిప్రాయం రెడీగా ఉంటుంది. అల్లుడి కంపెనీ షేర్లు డాలర్లలో వస్తాయి, తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, మేనకోడలి ఎంఎస్ ఫీజు డాలర్లలో కట్టాలి. "ఇంకా పెరుగుతుంది, ఇప్పుడే మార్చకు" అని సలహా ఇవ్వడానికి ఎవరికీ డిగ్రీ అక్కర్లేదు. అదే పని మీద ఇరవై ఏళ్లుగా కూర్చున్న ప్రొఫెసరుని అడగండి, వచ్చే నెల రేటు చెప్పలేనంటారు. వినయం కొద్దీ అనే మాట కాదది. 1983లో రిచర్డ్ మీస్, కెనెత్ రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అప్పటికి పేరున్న మారకం రేటు సిద్ధాంతాలన్నిటినీ తెచ్చి పరీక్ష పెట్టారు. ఏడాది లోపు అంచనాల్లో "రేపటి రేటు ఇవాళ్టి రేటే" అన్న గుడ్డి లెక్కని వాటిలో ఒక్కటీ నమ్మకంగా ఓడించలేకపోయింది. నలభై ఏళ్లు దాటినా కొత్త సిద్ధాంతం తెచ్చినవాళ్లని ముందు ఆ లెక్కతోనే పోటీకి దించుతారు.

మరి రేటే చెప్పలేని మనిషికి జీతం ఎందుకు? మా అపార్టుమెంటులో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు ఇదే ప్రశ్న ఇంకో రకంగా అడిగారు. "మా అమ్మాయి ఇంటర్నేషనల్ ఫైనాన్స్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోందండీ. అంటే సీఏ కంటే పెద్దదా?" పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, దారే వేరు. ఆ దారి బయటివాళ్లకి అర్థంకాకపోవడానికి ఒక కారణం ఉంది. ఇంటర్నేషనల్ ఫైనాన్స్ ప్రొఫెసర్ అన్న పేరు కింద నిజానికి రెండు ఉద్యోగాలున్నాయి. మన దేశంలో అయితే మూడు. వాటిలో ఏది దక్కుతుందన్నది పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టిన రోజునే చాలావరకు తేలిపోతుంది, అప్పటికి ఆ సంగతి పిల్లలకీ తెలీదు, పెద్దలకీ తెలీదు.

ముందు వాళ్లు చేసే పనేమిటో ఒక్క లెక్కలో చూద్దాం. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి అమెరికా క్లయింటు నుంచి ఏడాది తర్వాత 10 లక్షల డాలర్లు రావాలి. అప్పటికి రేటు ఎటు పోతుందో తెలీదు కాబట్టి, "ఏడాది తర్వాత నీ డాలర్లు ఈ ధరకి కొంటాను" అని బ్యాంకుతో ఇవాళే ఒప్పందం రాయించుకుంటుంది. దాన్నే ఫార్వర్డ్ అంటారు. ఇవాళ డాలరు 85 రూపాయలు, ఇక్కడ వడ్డీ 7 శాతం, అక్కడ 5 శాతం అనుకుందాం. 85 రూపాయలు ఇక్కడ వేస్తే ఏడాదికి 90.95 అవుతాయి. ఒక డాలరు అక్కడ వేస్తే 1.05 అవుతుంది. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే 86.62. బ్యాంకు చెప్పే ధర దాదాపు ఇదే. ఇందులో జోస్యం ఏమీ లేదు. బ్యాంకు వేరే ధర చెబితే ఒకచోట అప్పు తెచ్చి రెండోచోట వేసి, రిస్కు లేకుండా లాభం జేబులో వేసుకోవచ్చు. అలాంటి లాభం ఎక్కువసేపు మిగలదు, ఎవరో ఒకరు ఎగరేసుకుపోతారు. దీన్ని కవర్డ్ ఇంటరెస్ట్ పారిటీ అంటారు, మొదటి నెలలోనే నేర్పేస్తారు.

పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది, ప్రొఫెసర్ పని ఇక్కడ మొదలవుతుంది. డాలరు, యూరో, యెన్ లాంటి పెద్ద కరెన్సీల మధ్య 2007 దాకా ఈ లెక్క దాదాపు అణా పైసలతో సహా సరిపోయేది. 2008 సంక్షోభంలో తప్పింది. సంక్షోభంలో ఏదైనా తప్పుతుందిలే అనుకున్నారు. కానీ సంక్షోభం సర్దుకున్నాక కూడా లెక్క కుదరలేదు. బల్లమీద డబ్బు పడి ఉంది, తీసుకునేవాడు లేడు. వెన్‌షిన్ డూ, అలెగ్జాండర్ టెపర్, అడ్రియన్ వెర్డెలాన్ 2018లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో అచ్చయిన పేపర్లో దీని గుట్టు చాలావరకు విప్పారు. సంక్షోభం తర్వాత వచ్చిన నిబంధనల వల్ల బ్యాంకు తన ఖాతా పుస్తకాన్ని, అంటే బ్యాలెన్స్ షీటుని, పెంచుకోవడానికే ఖర్చవుతోంది, రిస్కు లేని లాభం కోసం కూడా ఆ ఖర్చు గిట్టుబాటు కావడం లేదు. దానికి వాళ్లు చూపించిన సాక్ష్యం ముచ్చటైనది. బ్యాంకులు లెక్కలు చూపించాల్సిన త్రైమాసికం చివరి రోజుల్లో లెక్క ప్రకారం రావాల్సిన ధరకీ బజార్లో ధరకీ మధ్య తేడా ఒక్కసారిగా పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. దొంగ దొరికిపోయాడన్నమాట.

ఇంకో చిక్కు ఇంతకంటే పాతది. ఆ 86.62 అన్నది ఏడాది తర్వాత నిజంగా వచ్చే రేటుకి, సగటున అయినా, దగ్గరగా ఉండాలి కదా? యూజీన్ ఫామా అనే ఆర్థికవేత్త 1984లో లెక్కకట్టి చూస్తే ఉండటం లేదని తేలింది. వడ్డీ ఎక్కువ ఉన్న దేశం కరెన్సీ పడాల్సినంత పడదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఎందుకన్న దాని మీద ఇప్పటికీ పేపర్లు వస్తున్నాయి. ఇలాంటి ఒక్క చిక్కుని పట్టుకుని జీవితమంతా గడిపేసిన ప్రొఫెసర్లున్నారు. ఆ జీతం అందుకే.

ఇక ఆ రెండు ఉద్యోగాల సంగతి. ఒకటి ఎకనామిక్స్ డిపార్టుమెంటులో ఉంటుంది. అక్కడ ప్రశ్నలు దేశాల స్థాయిలో ఉంటాయి. ఒక దేశానికి చెల్లింపుల సంక్షోభం ఎలా వస్తుంది, 1991లో మనం బంగారం విదేశాలకి పంపి తాకట్టు పెట్టాల్సిన పరిస్థితి ఎందుకొచ్చింది, మారకం రేటు కదలకుండా పట్టుకుని, పెట్టుబడులకి గేట్లు తెరిచి, వడ్డీ రేట్లు కూడా మన ఇష్టమొచ్చినట్టు పెట్టుకోవడం ఎందుకు కుదరదు, ఇలాంటివి. ఆ చివరిదాని వెనక రాబర్ట్ మండెల్, మార్కస్ ఫ్లెమింగ్ 1960ల్లో చేసిన పని ఉంది. మండెల్‌కి 1999లో నోబెల్ వచ్చింది.

రెండోది బిజినెస్ స్కూల్లో ఫైనాన్స్ డిపార్టుమెంటులో ఉంటుంది. అక్కడ ప్రశ్నలు పెట్టుబడిదారు వైపు నుంచీ, కంపెనీ వైపు నుంచీ మొదలవుతాయి. దీనికి బెంగళూరు ఉదాహరణే ఉంది. ఇన్ఫోసిస్ 1999లో అమెరికా నాస్‌డాక్‌లో షేర్లు నమోదు చేసింది, అక్కడికి వెళ్లిన మొదటి భారతీయ కంపెనీ అదే. కంపెనీ ఒకటే, లాభం ఒకటే, అయినా ఆ షేరు ఏళ్ల తరబడి ముంబయిలో కంటే అక్కడ ఎక్కువ ధర పలికింది. ఇక్కడ కొని అక్కడ అమ్మేయొచ్చు కదా అంటే, అప్పటి నిబంధనల్లో అది కుదిరే పని కాదు. ఒకే వస్తువుకి రెండు ధరలు ఎంతకాలం నిలుస్తాయి, ఏ గోడ వాటిని నిలబెడుతోంది అన్నది ఫైనాన్స్‌వాళ్ల ప్రశ్న.

పైకి అంతా ఒకే సబ్జెక్టులా కనిపిస్తుంది. పుస్తకాల మీద పేరూ ఒకటే. కానీ పని విలువ కట్టే తక్కెడలు వేరు. ఎకనామిక్స్‌లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ, ఎకనామెట్రికా లాంటి ఐదు జర్నళ్లు పెద్దపీట వేసుకుని కూర్చున్నాయి. ఫైనాన్స్‌లో మూడు, జర్నల్ ఆఫ్ ఫైనాన్స్ వాటిలో ఒకటి. మీస్–రోగాఫ్ పేపర్ వచ్చింది ఈ ఎనిమిదింటిలో దేనిలోనూ కాదు, జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఎకనామిక్స్‌లో. ఈ రంగంలో అది శిఖరం లాంటి జర్నలే. అయినా బిజినెస్ స్కూలు కమిటీ ముందు పెడితే "బాగుంది, మన మూడింట్లో ఏమైనా ఉందా?" అని అడిగే ప్రమాదం ఉంది. నా దృష్టిలో ఈ వృత్తిలోని పెద్ద అన్యాయం ఇదే. ఇంటర్నేషనల్ ఫైనాన్స్ రెండు డిపార్టుమెంట్లకీ పొలిమేర మీద ఉంటుంది, పొలిమేర మీద పండిన పంటని రెండు ఊళ్లవాళ్లూ తూకంలో తక్కువ వేస్తారు.

దాటలేని గోడ మాత్రం కాదు. మైసూరులో పెరిగిన గీతా గోపీనాథ్ ప్రిన్స్‌టన్‌లో ఎకనామిక్స్ పీహెచ్‌డీ 2001లో ముగించి, మొదటి ఉద్యోగం షికాగో యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో చేశారు. 2005లో హార్వర్డ్ ఎకనామిక్స్ డిపార్టుమెంటుకి మారారు, 2010లో టెన్యూర్, అంటే జీవితాంతం ఉండే పర్మనెంటు ఉద్యోగం, వచ్చింది. ఆమె తర్వాత చేసిన పనిలో ఒక లెక్క మనవాళ్లు గుర్తుపెట్టుకోదగ్గది: భారత్ దిగుమతుల్లో అమెరికా నుంచి వచ్చేవి 5 శాతమే, కానీ 86 శాతం దిగుమతుల బిల్లులు డాలర్లలోనే రాస్తున్నారు. అంటే చైనా నుంచి సరుకు తెప్పించుకున్నా మనకి నొప్పి డాలరు వైపు నుంచే వస్తుంది. అటునుంచి రఘురామ్ రాజన్ ఉన్నారు. ఐఐటీ ఢిల్లీ, ఐఐఎం అహ్మదాబాద్ చదివి, 1991లో ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి, మొదటి నుంచీ ఫైనాన్స్ గూటిలోనే ఉన్న మనిషి. అయినా 2003లో ఐఎంఎఫ్ ముఖ్య ఆర్థికవేత్త అయ్యారు. వీళ్లిద్దరి పేర్లూ చెప్పి పిల్లల్ని ప్రోత్సహించడం తేలికే. కానీ వాళ్లు మినహాయింపులు, మినహాయింపులతో లెక్కలు వేసుకోకూడదు.

మామూలు మనిషి దారి ఇలా ఉంటుంది. అమెరికాలో పీహెచ్‌డీ ఐదారేళ్లు. మొదటి రెండేళ్లూ దాదాపు గణితమే. మేనేజరుగారి సీఏ ప్రశ్నకి ఒక సమాధానం ఇక్కడుంది: బ్యాలెన్స్ షీటు చదవడం వచ్చినందుకు ఇక్కడ మార్కులు పడవు, రియల్ ఎనాలిసిస్, ప్రాబబిలిటీ వచ్చినందుకు పడతాయి. ఇంజినీరింగు నుంచో స్టాటిస్టిక్స్ నుంచో వచ్చినవాళ్లు ఈ రెండేళ్లని ఈజీగా దాటేసి, మూడో ఏడు చతికిలపడటం మామూలే. అప్పటిదాకా ఎవరో ఇచ్చిన లెక్క చేయడం, అప్పట్నుంచి తనే లెక్క కనిపెట్టడం. ఆ తర్వాత జాబ్ మార్కెట్ పేపర్ అని ఒకే ఒక్క వ్యాసం చేత్తో పట్టుకుని బజార్లోకి దిగుతారు. చివరి ఏడాది శరదృతువులో ప్రకటనలు, జనవరి ప్రాంతంలో ఇంటర్వ్యూలు, తర్వాత క్యాంపస్‌కి పిలుపు. ఒకప్పుడు ఈ ఇంటర్వ్యూలు జనవరి మహాసభల్లో, హోటల్ గదుల్లో జరిగేవి. ఇప్పుడు ఎక్కువగా జూమ్‌లోనే, బెంగళూరు నుంచి హాజరయ్యేవాళ్లకి అర్ధరాత్రి టై కట్టుకుని కూర్చోవడం అన్నమాట. అమెరికాలోని ఎకనామిక్స్‌వాళ్ల సంఘం ఒక్కో అభ్యర్థికి రెండు సంకేతాలు పంపుకునే వీలిస్తుంది. "నిజంగానే మీ దగ్గరికి రావాలనుంది" అని రెండే రెండు చోట్లకి చెప్పుకోవచ్చు.

ఉద్యోగం వచ్చాక మొదలవుతుంది అసలు గడియారం. అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరిన వ్యక్తికి చాలాచోట్ల ఆరేళ్లు ఇస్తారు. ఆలోపు తేల్చుకోవాలి, ఉంటే జీవితాంతం, లేకపోతే ఒక ఏడాది గడువిచ్చి పంపేస్తారు. ఆరేళ్లంటే చాలానే ఉందనిపిస్తుంది, ఒక పేపర్ ప్రయాణం చూస్తే లేదని తెలుస్తుంది. ఫైనాన్స్ జర్నల్ అయితే పంపడానికే వందల డాలర్ల ఫీజు కట్టాలి. ఎడిటర్ కొన్ని వారాల్లోనే వెనక్కి కొట్టొచ్చు. కొట్టకపోతే ఇద్దరు ముగ్గురు రిఫరీలకి, అంటే పేపర్‌ని పరీక్షించే తోటి పరిశోధకులకి, వెళ్తుంది, వాళ్లెవరో తెలీదు, నెలలు పడుతుంది. పెద్ద జర్నళ్లలో నూటికి తొంభై పైగా ఇక్కడే పోతాయి. అదృష్టం బాగుంటే "సవరించి మళ్లీ పంపండి" అని ఉత్తరం వస్తుంది. దానికి జవాబు రాయడానికే ఏడాది పడుతుంది, ఆ జవాబు ఒక్కోసారి పేపర్ కంటే పొడుగుంటుంది. మొదట పంపిన రోజు నుంచి అచ్చులో చూసేసరికి మూడు నాలుగేళ్లు మామూలు. కాబట్టి ఆరేళ్ల గడువులో కొత్త ఆలోచనకి నిజంగా దొరికేది మొదటి రెండు మూడేళ్లే. ఆ రోజుల్లోనే కొత్తగా పాఠాలు తయారుచేసుకోవాలి, పెళ్లి, పిల్లలు, వీసా కూడా అప్పుడే.

వీసా అన్నాం కాబట్టి, మనవాళ్లు అడగకుండా ఉండలేనిది: అమెరికా యూనివర్సిటీలు హెచ్-1బీ సంఖ్యా పరిమితి కిందకి రావు, అంటే లాటరీ బెంగ లేదు.

ఆరో ఏట డిపార్టుమెంటు బయటి యూనివర్సిటీల్లోని పెద్ద ప్రొఫెసర్లకి ఉత్తరాలు రాస్తుంది. ఈ వ్యక్తి పని ఈ రంగాన్ని ఏం మార్చింది, ఇదే వయసువాళ్లలో ఎక్కడ నిలుస్తారు అని. ఎన్ని పేపర్లన్నది రెండో మాట. ఉత్తరం రాసేవాళ్లు ఎకనామిక్స్‌వాళ్లా, ఫైనాన్స్‌వాళ్లా అన్నదాన్ని బట్టి ఒకే పనికి రెండు తీర్పులు రావొచ్చు, పొలిమేర బాధ ఇక్కడ కూడా తప్పదు. టెన్యూర్ రాకపోతే జీవితం ముగిసినట్టు మన బంధువులు మాట్లాడతారు గానీ, చాలామంది ఇంకో యూనివర్సిటీకో, సెంట్రల్ బ్యాంకుకో, ఫండ్ కంపెనీకో వెళ్లి హాయిగా ఉంటారు.

ఇంకోటి. ఈ వృత్తిలో ఇంటిపేరు కంటే గురువు పేరు ఎక్కువ పనిచేస్తుంది. షికాగోలో మండెల్ దగ్గర చదువుకున్నవాడు రూడిగర్ డోర్న్‌బుష్. 1976లో మారకం రేట్లు ఎందుకు హద్దు మీరి ఊగుతాయో చెప్పిన పేపర్ ఆయనదే. ఎంఐటీలో ఆయన శిష్యుడు రోగాఫ్, ప్రిన్స్‌టన్‌లో రోగాఫ్ దగ్గర పరిశోధన చేసినవాళ్లలో గీతా గోపీనాథ్ ఒకరు. మన సంగీతంలో శిష్యపరంపర చెప్పుకున్నట్టే చెప్పుకోవచ్చు. సిఫార్సు ఉత్తరం కింద ఎవరి సంతకం ఉందన్నది బజార్లో మొదట చూస్తారంటే ఆశ్చర్యం ఏముంది?

పెద్ద పేరున్నా తప్పు దొరికితే వదలరు, అది ఈ రంగం గొప్పే. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, రోగాఫ్ రాసిన ఒక పేపర్ దేశాల అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని సూచించింది. ప్రభుత్వాలు పొదుపు విధానాలకి దాన్ని ఆసరాగా చూపించుకున్నాయి. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి క్లాసు అసైన్‌మెంటు కోసం ఆ లెక్కలు తిరిగి చేయబోతే కుదరలేదు. అసలు ఫైలు తెప్పించి చూస్తే ఎక్సెల్ ఫార్ములాలో కొన్ని దేశాల వరుసలు కలవలేదు. ఇతర ఎంపికలు కూడా సరిచేసి హెర్న్‌డన్ బృందం చూస్తే, 90 శాతం పైన సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం కాస్తా 2.2 శాతం అయింది. తప్పు ఒప్పుకున్న రచయితలు అసలు వాదన నిలుస్తుందనే అన్నారు. ఇప్పుడు పెద్ద జర్నళ్లు లెక్కల ఫైళ్లు కూడా ఇమ్మని అడుగుతున్నాయి.

మనవైపుకొద్దాం. ఇక్కడి మూడో ఉద్యోగం యూజీసీ చట్రంలోది. రాష్ట్ర, కేంద్ర యూనివర్సిటీల్లో పీజీలో 55 శాతం, నెట్ లేదా పీహెచ్‌డీ, ఇంటర్వ్యూ దాటితే అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం ఏడో వేతన సంఘం ప్రకారం 57,700 దగ్గర మొదలవుతుంది. ఐఐటీ, ఐఐఎంల దారి వేరు. పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవంతో చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 1,01,500, ప్రొఫెసర్‌కి 1,59,100 మొదలు. పైన అలవెన్సులు, క్యాంపస్‌లో ఇల్లు, కంపెనీల ఉద్యోగులకి చెప్పే చిన్న కోర్సుల ఆదాయం. పేరు ఒకటే, అసిస్టెంట్ ప్రొఫెసర్. పని మాత్రం చాలా తేడా. యూజీసీ వైపు ఆరేళ్ల కత్తి లేదు, చేరితే రిటైరయ్యేదాకా ఉంటారు. ప్రమోషన్ పాయింట్ల లెక్క మీద నడుస్తుంది, ఆ లెక్క పేపర్ల సంఖ్యని చూసినంతగా పేపర్లని చూడలేదు. డబ్బు కడితే అచ్చేసే జర్నళ్లు మన దేశంలో అంత బలవడానికి కారణం ఇదేనని నా గట్టి అభిప్రాయం.

బెంగళూరులో ఈ మూడు ఉద్యోగాల్నీ ఒక్క రోజులో చూసి రావొచ్చు, ట్రాఫిక్ దయతలిస్తే. బన్నేరుఘట్ట రోడ్డులో 1973లో మొదలైన ఐఐఎంలో ఫైనాన్స్‌వాళ్లు ఒక విభాగం, ఎకనామిక్స్‌వాళ్లు ఇంకో విభాగం. నాగరభావిలో ఆర్థికవేత్త వీకేఆర్‌వీ రావు 1972లో పెట్టిన ఐసెక్ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ చేంజ్)లో సామాజిక శాస్త్రాల పరిశోధన సాగుతుంది. ఇవి కాక యూజీసీ స్కేళ్ల మీద నడిచే యూనివర్సిటీల కామర్స్, ఎకనామిక్స్ డిపార్టుమెంట్లు. అన్నట్టు, ఐఐఎంలు చాలాకాలం డాక్టరేట్ పూర్తిచేసినవాళ్లకి పీహెచ్‌డీ అనకుండా "ఫెలో" అనేవి. 2017 ఐఐఎం చట్టం వచ్చాకే డిగ్రీ ఇచ్చే అధికారం దక్కింది. పాత ఫెలోలు పెళ్లిచూపుల్లో ఇది వివరించలేక పడ్డ అవస్థలు కథలుగా చెప్పుకుంటారు.

ఇక ఐఎంఎఫ్‌కో ఆర్‌బీఐకో వెళ్లే ప్రొఫెసర్ల గురించి మన వాట్సాప్‌లలో ఒక అపోహ తిరుగుతుంది, ఉద్యోగం వదిలేసి వచ్చారని, మళ్లీ పారిపోయారని. చాలావరకు అది సెలవు. గీతా గోపీనాథ్ 2019లో ఐఎంఎఫ్‌కి వెళ్లింది హార్వర్డ్ నుంచి సెలవు మీదే. యూనివర్సిటీ ఆ సెలవుని ప్రత్యేకంగా ఒక ఏడాది పొడిగించి మూడేళ్లు చేసింది. 2013 వేసవిలో రూపాయి జారిపోతున్నప్పుడు ఆర్‌బీఐ గవర్నరుగా ఉన్నది మన దువ్వూరి సుబ్బారావుగారు. సెప్టెంబరులో ఆయన దిగిపోయి, షికాగో ప్రొఫెసర్ రాజన్ ఎక్కారు. 2016లో పదవీకాలం ముగిశాక తిరిగి తరగతి గదికే వెళ్లారు. ఆ వెళ్లడం మీద మనవాళ్లు రాజకీయంగా ఎన్ని వాదనలైనా చేసుకోవచ్చు. టెన్యూర్ ఉన్న ప్రొఫెసర్ కోణంలో మాత్రం కుర్చీ ఖాళీగా ఎదురుచూస్తోంది. గవర్నరుగా ఎవరికీ భయపడకుండా మాట్లాడే ధైర్యంలో కొంత ఆ కుర్చీ ఇచ్చినదే.

మేనేజరుగారి అమ్మాయి విషయానికి వస్తే, నేను చెప్పింది ఒక్కటే. యూనివర్సిటీ ర్యాంకు చూసి దరఖాస్తు పెట్టొద్దు. తను ఏ ప్రశ్న మీద పనిచేయాలనుకుంటోందో, ఆ ప్రశ్న మీద పనిచేస్తున్నవాళ్లు ఆ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో ఉన్నారా, ఫైనాన్స్‌లో ఉన్నారా చూసి, అక్కడ పెట్టాలి. తర్వాత ఆ డిపార్టుమెంటు నుంచి గత ఐదేళ్లలో పీహెచ్‌డీ ముగించినవాళ్లు ఎక్కడ చేరారో చూడాలి. మంచి డిపార్టుమెంట్లు ఏటా పేర్లతో సహా జాబితా పెడతాయి. ఏదైనా ఏడాది జాబితా ఖాళీగా కనిపిస్తే, ఆ ఏడాది ఎవరూ బజార్లోకి దిగలేదా, దిగినవాళ్లకి ఉద్యోగాలు రాలేదా అన్నది ప్రొఫెసర్లని కాకుండా ఇప్పుడు అక్కడ మూడో ఏడు చదువుతున్న విద్యార్థిని అడగాలి.